వేళ్ళకు తగలని నీళ్ళు

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం చారిత్రక ఉద్యానాల పరిరక్షణ శాఖలో సహాయ సర్వేయరుగా విధుల్లో చేరి, ముప్పై నాలుగేళ్ళ నిర్విరామ సేవానంతరం పటాల విభాగాధిపతిగా ఈనాడు పదవీ విరమణ చేస్తున్న మా గౌరవనీయ సహోద్యోగి, ఈ వాక్యం చదవగానే చేయబోయే మొదటి పని ఏమిటో మా కార్యాలయంలో తెలియనివారు లేరు. ఆ రోజు నిజంగా సోమవారమేనా అని పాత క్యాలెండరు వెతుకుతారు. సోమవారమేనని తేలాక ‘నిర్విరామ’ అన్న మాట దగ్గర ఆగి, మధ్యలో పెట్టిన జ్వరం సెలవులు గుర్తు చేసుకుని, ఇంతగా పొగుడుతున్నారంటే వీళ్ళకి నాతో ఏదో పని పడిందని నిశ్చయానికి వస్తారు. పనేమీ లేదని ఒట్టు పెట్టి చెప్పినా నమ్మరు. అభినందన వ్యాసాలంటే అసలే ఆయనకు గిట్టదు. వాటిలో కొలిచి చూడటానికి ఏమీ ఉండదని ఆయన ఫిర్యాదు.

చేరిన తొలి వారంలోనే అప్పటి పర్యవేక్షకులు ఆయన చేతికి ఒక పాత పటమిచ్చి, శుభ్రమైన నకలు తీసి పెట్టమన్నారు. పూర్వపు ప్రభువులు తమ విహారార్థం నిర్మించుకున్న పెద్ద ఉద్యానం పటమది. తరతరాల ఉద్యోగులు దాన్ని తిరుగులేని ప్రమాణంగా స్వీకరించి, దాని నుంచి నకళ్ళు, ఆ నకళ్ళ నుంచి మరిన్ని నకళ్ళు తీస్తూ వచ్చారు. కొత్తగా చేరిన ఈ కుర్ర సర్వేయరు మాత్రం పెన్సిలు ముట్టుకోకుండా, టేపు జేబులో వేసుకుని తోటలోకి వెళ్ళారు. సాయంత్రం మోకాళ్ళదాకా మట్టితో తిరిగి వచ్చారు.

“నకలేదయ్యా?” అన్నారు పర్యవేక్షకులు.

“తీయలేదండీ. పటంలో పడమటి బాట తిన్నగా ఉంది. తోటలో చూస్తే వంకర తిరిగింది.”

“అంటే, పెద్దవాళ్ళు గీసిన పటం తప్పంటావా?”

“తప్పని నేననలేదండీ. ఎవరైనా కొలిచారా అని అడుగుతున్నాను.”

ఎవరూ కొలవలేదు. ఆనాటి నుంచి ఆయన మాకందరికీ టేపు గారయ్యారు. జీతపు పట్టీలో తప్ప ఆయన అసలు పేరు మా గోడల మధ్య వినబడి చాలా కాలమైంది.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతానికి నెలనెలా జీతమిచ్చి పోషించిన కార్యాలయం మాది. ఎండకు ఇనుప టేపు సాగుతుందని ఉదయం కొలిచినదాన్నే మధ్యాహ్నం మళ్ళీ కొలిచేవారు. బీరువాకు తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి లాగి చూసేవారు. చక్కెర వేశానని టీ తెచ్చినతను చెబితే, తల ఊపి, చెంచాతో అడుగు కదిపి చూసి గానీ తాగేవారు కారు. తన నీడ పొడవును కూడా గడియారంతో సరిచూసుకునే మనిషని మేము వెనకాల నవ్వుకున్న మాట నిజం. ఒకసారి వార్షికోత్సవ సభలో ఆయన శ్రీమతి గారిని ఎవరో ఇదే విషయమై ఆటపట్టిస్తే, ఆవిడ కొంచెమైనా తడబడకుండా, “మావారు నన్ను నమ్మరని ఎవరన్నారండీ? నమ్ముతారు. కాకపోతే ఒకసారి సరిచూసుకుని నమ్ముతారు” అన్నారు. సభ అంతా చప్పట్లు కొట్టింది. టేపు గారు మాత్రం, ఈ జవాబు ఆవిడ ముందే తయారు చేసుకొచ్చిందేమోనన్న చూపుతో కూర్చున్నారు.

అయితే ఆయన అనుమానంలో ద్వేషం లేదు. “మనుషుల్ని కాదయ్యా, వాళ్ళ తొందరని అనుమానిస్తాను” అనేవారు కొత్తగా చేరినవాళ్ళతో. ఆ తొందర లేనందువల్లనే మన శాఖ అధీనంలోని ఉద్యానాలన్నింటికీ, రాయి రాయికీ లెక్క తేలిన పటాలు సిద్ధమయ్యాయి. ఆయన సీనియరు సర్వేయరై, తరువాత విభాగాధిపతి అయ్యారు. ఇంతవరకూ చెప్పినది ఎవరైనా రాయగలరు. ఇక చెప్పబోయేది ఆయనకు బహుశా రుచించదు, అయినా చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు.

పెద్ద ఉద్యానం సింహద్వారం దగ్గర ఒకప్పుడు ఒక బోర్డు ఉండేది. చూపు లేని సందర్శకులు తోడు లేనిదే లోపలికి రాకూడదని దాని సారాంశం. పుట్టుకతోనే చూపు లేని ఒక న్యాయవాది ఆ బోర్డు మీదున్నదేమిటో ద్వారపాలకుడి నోట విని, చేతికర్ర తాటిస్తూ నేరుగా మన కార్యాలయానికి వచ్చారు. ఆవిడను మేమంతా వకీలమ్మగారనేవాళ్ళం.

“కోర్టుకి ఒక్కదాన్నే వెళ్తాను. బ్యాంకుకి ఒక్కదాన్నే వెళ్తాను. మీ తోట చూడ్డానికి మాత్రం నాకు తోడెందుకండీ?” అని అడిగారు డైరెక్టరు గారిని.

“మీ క్షేమం కోసమేనమ్మా. లోపల బాటతో సమానమైన మట్టంలో పొడవాటి కొలనుంది. దానికి గట్టు లేదు. కట్టిద్దామంటే చారిత్రక స్వరూపం చెడుతుంది.”

“అయితే గట్టు లేదని చెప్పే బోర్డు పెట్టాలి గానీ, నన్ను రావద్దనే బోర్డు పెడతారా?”

డైరెక్టరు గారు చివరికి, ద్వారం దగ్గర వేళ్ళతో తడిమి చదువుకునే ఇత్తడి పటమొకటి పెట్టిద్దామన్నారు. దాన్ని చదువుకుని ఒక్కరు ఒంటరిగా తోట చివరి మండపందాకా వెళ్ళి క్షేమంగా తిరిగివస్తే బోర్డు తీసేస్తామని, ఏ కాస్త తేడా వచ్చినా ఈ ప్రస్తావన మళ్ళీ ఎత్తకూడదని షరతు పెట్టారు. పని టేపు గారికి అప్పగించారు.

టేపు గారికి వెంటనే మూడు అనుమానాలు వచ్చాయి. ఇదంతా డైరెక్టరు గారు పత్రికలో ఫోటో కోసం చేయిస్తున్నారని మొదటిది. ఈ వకీలమ్మగారు శాఖ మీద దావా వేయడానికి ఆధారాలు పోగు చేసుకుంటున్నారని రెండోది. ఇత్తడి పోతపోసే మేస్త్రీ పని సగంలో వదిలేస్తాడని మూడోది. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. వకీలమ్మగారు తొలి సమావేశంలో కుర్చీలో కూర్చుంటూనే, “ఇది ప్రారంభోత్సవానికి చేస్తున్నారా, పనికి రావడానికా? ముందే చెప్పండి, నా టైమూ మీ టైమూ మిగులుతుంది” అన్నారు. టేపు గారు బయటికి గంభీరంగా ఉన్నా, లోపల మాత్రం, పరవాలేదు, ఈవిడకి పని తెలుసు అనుకున్నారు.

పటం నియమాలు ఇద్దరూ కలిసి నిర్ణయించారు. నడిచే బాట నున్నగా ఉండాలి. పచ్చిక గరుగ్గా, చుక్కలు చుక్కలుగా తగలాలి. పొదల వరుస గోడలా లేవాలి, చెట్టు గుండీలా ఉండాలి, నీళ్ళు అలలు అలలుగా ఉండాలి. మేస్త్రీ ఆ ప్రకారమే పలక పోసి, కొలను భాగంలో అలలను చక్కగా చెక్కాడు. అంతలో డైరెక్టరు గారు, వట్టి ఇత్తడి కళావిహీనంగా ఉందని, కొంచెం రంగులుంటే బాగుంటుందని అన్నారు. మేస్త్రీ కొలనులో నీలిరంగు గాజుపూత పోసి, అద్దంలా మెరిసేదాకా సాన పట్టాడు.

పలక వచ్చిన రోజు టేపు గారు దానిని ఒక మధ్యాహ్నమంతా పరీక్షించారు. స్కేలు పెట్టి కొలిచారు. భూతద్దం పెట్టి చూశారు. ఒకచోట మెట్టు కాస్త వెడల్పైందని మేస్త్రీ చేత అరగదీయించారు. కొలను దగ్గరికి వచ్చేసరికి నీలిపూత కింద అలలు ఎంతో స్పష్టంగా, అందంగా కనిపించాయి. అలలున్నాయి, సరిపోయింది అనుకున్నారు. ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించిన ఆ మనిషి, ఆ రోజు తన కళ్ళను అనుమానించలేదు.

మర్నాడు సాయంత్రం తోట మూసే వేళకు వకీలమ్మగారు వచ్చారు. పలక మీద రెండు చేతులూ ఆనించి, పెదవులు కదుపుతూ, ద్వారం నుంచి మండపందాకా పలుమార్లు చదువుకున్నారు. తరువాత కర్ర తీసుకుని నడిచారు. నిబంధన ప్రకారం ఎవరూ వెంట వెళ్ళకూడదు గానీ, టేపు గారు పొదల చాటున దూరంగా వెంబడించారు. ఆవిడ నడక చూసి ఆయనకు మొదట గర్వమేసింది. వేగంగా, తిన్నగా, అలవాటైన వీధిలో వెళ్తున్నట్టు వెళ్తున్నారు. కొలను దగ్గరవుతోంది. ఇప్పుడు పక్కకు తిరుగుతారు, ఇదిగో ఇప్పుడు, అనుకుంటున్నారాయన. ఆవిడ తిరగలేదు. కర్ర కొస నీళ్ళలోకి దిగిపోయింది. వేగం మీదున్న పాదం దాని వెనకే దిగింది. ఆవిడ రాతి అంచుమీద మోకాలు ఊని, ఎలాగో ఆగారు.

టేపు గారు కేక పెట్టి పరుగెత్తారు.

“దగ్గరికి రాకండి. ముందు చెప్పండి, ఇదేమిటి?” అన్నారావిడ.

“కొలనండీ.”

“మీ పటంలో ఏదండీ కొలను?”

“ఉందండీ! అలలున్నాయి. నేను చూశాను.”

ఆవిడ లేచి, తడిసిన చీర పిండుకుని, వచ్చిన దారినే ద్వారం దాకా నడిచారు. పలక ముందు ఆగి, “మీ చెయ్యి ఇవ్వండి. కళ్ళు మూసుకోండి. కాదు, మొహం అటు తిప్పండి. మీ మీద నాకు నమ్మకం లేదు” అన్నారు. ఆయన వేలిని ద్వారం గుర్తు మీద పెట్టి, మండపందాకా నడపమన్నారు. ఆయన వేలు నడిచింది. నున్నగా, చల్లగా, ఎక్కడా అడ్డు లేకుండా నడిచింది.

“ఆగండి. ఇప్పుడెక్కడున్నారు?”

“బాట మీదేనండీ.”

“ఇటు తిరిగి చూడండి.”

టేపు గారి వేలు కొలను నడిమధ్యన ఉంది. గాజుపూత అలల మధ్య పల్లాలన్నింటినీ పూడ్చి, నీళ్ళను బాటంత నున్నగా చేసేసింది. కళ్ళకు కొలను, వేళ్ళకు రహదారి. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారని శ్రీమతి గారు తరువాత చెప్పారు.

మరుసటి రోజు సమావేశంలో, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ తడుముకున్నారు. పూత పోయమన్నది మీవాళ్ళే కదండీ అన్నాడు మేస్త్రీ. చూసి పాస్ చేయాల్సింది పటాల విభాగమన్నారు లెక్కల విభాగంవారు. డైరెక్టరు గారు టేపు గారిని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు.

“జరిగిందేదో జరిగింది. సందర్శకురాలు బాట గమనించుకోలేదని చెప్పేద్దాం. మీ మాటా దక్కుతుంది, నా మాటా దక్కుతుంది. తోడు లేకుండా రానివ్వకూడదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా కదా? పైగా వచ్చే నెల ఉపసంచాలకుల ఎంపిక, గుర్తుందా?”

ఆ చెయ్యి ఎందుకంత మెత్తగా ఉందో టేపు గారికి తెలిసింది. ఆ మాట అంటే ద్వారం దగ్గర బోర్డు శాశ్వతంగా ఉండిపోతుందనీ తెలుసు. ఆయన మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి, అందరూ వినేలా చెప్పారు.

“ఆవిడ బాట తప్పలేదండీ. మన పటం ఎలా చెప్పిందో అలాగే నడిచారు. నమ్మి నడిచిన మనిషిది తప్పెలా అవుతుంది? వేళ్ళతో చదవాల్సినదాన్ని కళ్ళతో చూసి పాస్ చేసింది నేను. పటాన్ని మార్చాలి. మనిషిని ఆపకూడదు.”

ఉపసంచాలక పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. మేమే ఎత్తుతున్నాం, కోపం తెచ్చుకున్నా సరే.

సమావేశంలో ఆయన అన్న మాట వకీలమ్మగారి చెవిన పడింది. ఆవిడ సంతోషించలేదు. “అడక్కుండానే తప్పు ఒప్పుకున్నారా? ఎందుకు? మా వృత్తిలో అలాంటివాళ్ళని చూస్తే ముందు భయమేస్తుంది” అన్నారు. అయినా కొత్త పలక పోస్తే మళ్ళీ నడుస్తానని డైరెక్టరు గారికి కబురు పెట్టారు. నీళ్ళలో అడుగేసిన మనిషే మళ్ళీ వస్తానంటుంటే, అందులోనూ వకీలు వస్తానంటుంటే, కాదనే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఈసారి రంగులు లేవు. అలలు పైకి లేచాయి. కొలను చుట్టూ దారంలా ఒక అంచు వచ్చింది. టేపు గారు కళ్ళకు తువ్వాలు కట్టుకుని తడిమి, సరిగ్గా ఉందనుకున్నారు. మరుక్షణంలో ఆ సరిగ్గా ఉండటాన్నే అనుమానించారు. తోటంతా ఆయనకు కంఠస్థం. తెలిసినవాడి వేలు తెలిసిన చోటికే పోతుంది కదా! అందుకని, ఆ తోటలో ఏనాడూ అడుగు పెట్టని, చూపు లేని మనుషులను వకీలమ్మగారి ద్వారా పిలిపించి, పలక ముందు కూర్చోబెట్టి, నీళ్ళెక్కడున్నాయో చెప్పమన్నారు. వాళ్ళలో ఒక్కరు తడబడినా పలక మళ్ళీ కొలిమికి పోయేది. “ఈయన చేతిలో పడితే ఇత్తడికి కూడా విసుగొస్తుంది” అని మేస్త్రీ గొణిగాడు. కానీ పని వదిలేయలేదు. టేపు గారి మూడో అనుమానం అలా వీగిపోయింది.

రెండోసారి వకీలమ్మగారు పలక చదువుకుని బయల్దేరారు. టేపు గారి కాళ్ళు ఆగలేదు. ఈసారి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పిల్లిలా వెనకాలే నడిచారు. బాట మొదటి మలుపు దగ్గర ఆవిడ ఆగారు. వెనక్కి తిరగలేదు.

“టేపు గారూ, చెప్పులు విప్పితే వినపడదనుకున్నారా? మీ జేబులో టేపు గలగలమంటోంది.”

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

“నామీద అనుమానమా, పటం మీదా?”

“నామీదేనండీ” అన్నారాయన.

“అయితే వెళ్ళిపోండి. మీరు వెంట ఉంటే, నన్ను తీసుకెళ్ళింది పటమో మీరో నాకెలా తెలుస్తుంది? ఆ సాక్ష్యం చెల్లదు.”

వాదన సరైనదే. టేపు గారి జీవితంలో అంత కష్టమైన నడక మరొకటి లేదు. ప్రతి అడుక్కీ తల వెనక్కి తిరగబోతుంటే బలవంతంగా ఆపుకుంటూ ద్వారం దగ్గరికి వచ్చారు. పలక ముందు తోటకు వీపు పెట్టి కూర్చుని, చెయ్యి వెనక్కి చాచి, వేలిని కొలను అంచు మీద ఉంచారు. ఆవిడ ఇప్పుడు ఇక్కడికి వచ్చి ఉంటారు. ఇప్పుడు తిరగాలి. వేలు ఆ అంచు మీదే ఉండిపోయింది. చీకటి పడుతోంది. గేటు మూయాలని ద్వారపాలకుడు తాళాలు ఆడించాడు. ద్వారం దగ్గర కాచుకుని కూర్చున్న మేమందరం లేచి నిలబడ్డాం. వెళ్ళి చూద్దామంటే, “ఎవరూ కదలకండి” అని ఆయనే అన్నారు. ఆ మాట అన్న మనిషి మొహం చూసి మాకు భయమేసింది.

కర్ర చప్పుడు వినిపించింది. వకీలమ్మగారు వచ్చారు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా తడిసి నీళ్ళు కారుతున్నాయి. టేపు గారి మొహం పాలిపోయింది.

“మళ్ళీ...” అన్నారు.

“మళ్ళీ కాదండీ. ఈసారి కావాలనే కాళ్ళు పెట్టాను. మండపం దాకా వెళ్ళి, తిరిగొస్తూ కొలను మెట్టు మీద కూర్చున్నాను. నీళ్ళెక్కడున్నాయో తెలిసినప్పుడు భయమెందుకు? ఎంత చల్లగా ఉన్నాయో! మీరెప్పుడైనా పెట్టారా?”

అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కొలను పొడవూ వెడల్పూ లోతూ ఆయన ఎన్నిసార్లు కొలిచారో లెక్క లేదు. కాలు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. అదే మాట ఆవిడతో చెప్పి, అక్కడే కళ్ళు తుడుచుకున్నారు. మేము చూడనట్టు నటించాం. ఆయన నమ్మి ఉండరు.

మర్నాడు బోర్డు తీసేశారు. అది మొదలు మన శాఖలో ఏ స్పర్శ పటానికైనా, ఆ తోట ఎరుగని వేలు పడనిదే అధికారి సంతకం పడదు. నేడు మన ఉద్యానాలన్నింటి ద్వారాల దగ్గరా అటువంటి పలకలున్నాయి. కిందటి వారం చివరి పలక వచ్చినప్పుడు టేపు గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “వకీలమ్మగారి మనుషులు చూశారా?” చూశారన్నాం. కలం తీసి సంతకం చేసేశారు. స్కేలు అడగలేదు, భూతద్దం అడగలేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని మేము మొహమొహాలు చూసుకున్నాం.

ఇక రేపు ఉదయం నుంచి ఆయన సమయమంతా శ్రీమతి గారిది, పిల్లలది, మనవలది. ఇంట్లో గుమ్మాలూ కిటికీలూ కొలత తప్పాయని తేలితే ఆ బాధ్యత మా శాఖది కాదని వినయపూర్వకంగా మనవి చేస్తున్నాం. సాయంకాలాలు తోటకు వెళ్తానని, కొలనులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటానని ఆయన అంటున్నారు. ఆ నీళ్ళు చల్లగా ఉండాలని, ఆ మోకాళ్ళు చిరకాలం మెట్లు దిగి ఎక్కగలగాలని, పూర్ణారోగ్యంతో, నిండు నూరేళ్ళూ, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేని నిశ్చింతతో ఆయన నడవాలని ఈ కార్యాలయం యావత్తూ మనసారా కోరుకుంటోంది. వెనకాల ఎవరో వస్తున్నట్టు అనుమానం కలిగితే, టేపు గారూ, ఈసారి ఆ అనుమానం నిజమే. అది మేమే. చెప్పులు విప్పి వస్తాం. టేపు మాత్రం తీసుకురాం.